సుషుప్తిలో సాక్షి ఎవరు? ఉపనిషత్తుల నుండి నిద్రాప్రయోగశాల వరకు

"రాత్రి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది, ఎంతో హాయిగా ఉంది" అని ఉదయం లేచినవాడు అనే మాటలో రెండు అంశాలు ఇమిడి ఉన్నాయి. ఏమీ తెలియలేదన్నది ఒకటి, హాయిగా ఉండెనన్నది రెండవది. ఏమీ తెలియనివానికి హాయి ఎట్లు తెలిసింది? ఏమీ తెలియలేదన్న సంగతి అయినా ఎవరికి తెలిసింది? లౌకికుడు ఈ మాట అని తన పనిమీద తాను వెళ్ళిపోతాడు. వేదాంతాచార్యులు మాత్రం ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకొని శతాబ్దాల తరబడి వాదించారు. ఇరువదవ శతాబ్దంలో అదే ప్రశ్న ఐరోపా, అమెరికా దేశాల ప్రయోగశాలలలోనికి మరొక ద్వారం గుండా ప్రవేశించింది.

అద్వైతానికీ ఆధునిక విజ్ఞానశాస్త్రానికీ గల సంబంధం ప్రస్తావనకు వచ్చినప్పుడు సాధారణంగా ముందుగా వినిపించే పేరు ఎర్విన్ ష్రోడింగర్. ఆ మహాశయుడు 1944లో ప్రకటించిన 'జీవమనగా నేమి?' అనే గ్రంథం చివర ఆత్మబ్రహ్మైక్యాన్ని ప్రస్తావించిన మాట వాస్తవమే. అయితే అది ఒక భౌతికశాస్త్రజ్ఞుని వైయక్తికమైన శ్రద్ధ. ఆయన కనుగొన్న తరంగసమీకరణం వేదాంతాన్ని ఆధారం చేసుకొనలేదు, వేదాంతం ఆ సమీకరణాన్ని అపేక్షించదు. రెండు సంప్రదాయాలూ ఒకే విషయానికి ఎదురుగా నిలిచి, ఒకే ప్రశ్నను వేసిన సందర్భం కావాలంటే దానిని నిద్రలో వెదకవలసి ఉంటుంది.

బృహదారణ్యకోపనిషత్తులోని అజాతశత్రువు వృత్తాంతం సుప్రసిద్ధం. గార్గ్యగోత్రీయుడైన దృప్తబాలాకి విద్యాగర్వంతో కాశీరాజు వద్దకు వచ్చి బ్రహ్మమును ఉపదేశిస్తానన్నాడు. ఆదిత్యుడు, చంద్రుడు, మెరుపు, వాయువు ఇత్యాదులలో ఉన్న పురుషుని ఒక్కొక్కరినే బ్రహ్మమని చెప్పగా, రాజు ఒక్కొక్కదానినీ నిరాకరించాడు. చెప్పవలసినదంతా అయిపోయి బాలాకి మౌనం వహించినప్పుడు రాజు అతనిని చేయి పట్టుకొని నిద్రిస్తున్న ఒక మనిషి వద్దకు తీసుకొనిపోయాడు. ఆ నిద్రితుని గొప్ప పేర్లతో పిలిచారు. అతడు లేవలేదు. చేతితో తట్టి కదిలించగా లేచాడు. అప్పుడు రాజు అడిగిన ప్రశ్న ఇది: ఇతడు నిద్రించినప్పుడు ఈ విజ్ఞానమయ పురుషుడు ఎక్కడ ఉన్నాడు, ఎక్కడి నుండి తిరిగి వచ్చాడు? బాలాకికి సమాధానం తెలియలేదు. తత్త్వవిచారానికి నిద్రిస్తున్న మనిషిని ఎదుట ఉంచుకొని, పిలిచి చూచి, తట్టి లేపి ప్రశ్నించిన ఈ పద్ధతి గమనింపదగినది. ఆకాశంలోనూ అగ్నిలోనూ వెదకిన పండితుడు ఒక నిద్రితుని ముందు నిరుత్తరుడయ్యాడు.

అదే ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకునికి చేసిన ఉపదేశం సమాధానాన్ని మరింత స్పష్టం చేస్తుంది. సుషుప్తిలో పురుషుడు చూడడంలేదని అనిపించినా, ద్రష్ట యొక్క దృష్టికి లోపం లేదు. చూడదగిన రెండవ వస్తువు అక్కడ లేదు. ఛాందోగ్యంలో ఇంద్రుడు మాత్రం ఇటువంటి సమాధానంతో ఊరడిల్లలేదు. ప్రజాపతి వద్ద మూడుసార్లు ముప్పదిరెండేసి సంవత్సరాలు బ్రహ్మచర్యం చేసిన ఇంద్రునికి గాఢనిద్రలోని ఆత్మను గూర్చి ఉపదేశం లభించింది. సంతోషంతో బయలుదేరి, దేవతల వద్దకు చేరకముందే సంశయగ్రస్తుడై వెనుదిరిగాడు. నిద్రలో ఉన్నవాడు 'నేను ఇట్టివాడను' అని తన్ను తాను ఎరుగడు, ఇతర భూతాలనూ ఎరుగడు, వినాశనం పొందినవానివలె ఉన్నాడు, ఇందులో భోగ్యమేమున్నది అని అతని ఆక్షేపం. ఈ ఆక్షేపాన్ని ప్రజాపతి కోపగించుకొనలేదు, నీవన్నది నిజమే అని అంగీకరించాడు. సాధకులందరి భయమూ ఇంద్రుని నోట పలికింది: 'నేను' అనబడేది పోయిన తరువాత మిగిలేది ముక్తియా, నాశనమా?

ఈ భయం ఊరక తోచినది కాదనడానికి శాస్త్రాలలోనే ప్రబలమైన సాక్ష్యం ఉన్నది. కణాదమతానుయాయులు చైతన్యాన్ని ఆత్మకు ఆగంతుకమైన గుణంగా భావించారు. ఆత్మమనస్సంయోగం వలన జ్ఞానం పుడుతుంది. అది లేనప్పుడు ఆత్మ ఉంటుంది గాని, జ్ఞానం ఉండదు. నైయాయికులు దీనికి ఒక శారీరకమైన వివరణను కూడ చేర్చారు. గాఢనిద్రలో మనస్సు పురీతత్తు అనే నాడిలో ప్రవేశిస్తుందనీ, అక్కడ త్వగింద్రియంతో సంబంధం లేనందున జ్ఞానం ఉత్పన్నం కాదనీ వారి సిద్ధాంతం. నాడి పేరు మార్చి చదివితే ఈ మతం నేటి నాడీశాస్త్రజ్ఞుల పొరుగున ఉన్నట్లే కనిపిస్తుంది. చైతన్యం శరీరంలోని ఒకానొక సంఘటనవలన కలిగే కార్యమన్న భావన పాశ్చాత్యదేశాల నుండి దిగుమతి అయినదని భావించేవారు న్యాయవైశేషికాలను మరచిపోతున్నారు.

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యం ద్వితీయాధ్యాయంలో ఈ పూర్వపక్షాన్ని స్వీకరించారు. నిద్రలేచినవారు మాకేమీ తెలియలేదని చెబుతున్నారు గదా, కనుక చైతన్యం నిత్యం కాదని ఆక్షేపం. సమాధానం సంక్షిప్తం. నిద్రలో తోచకపోవడం చైతన్యం లేనందున కాదు, విషయం లేనందున. ఆకాశంలో వ్యాపించిన వెలుగు, ప్రకాశింపజేయవలసిన వస్తువు లేనిచోట వ్యక్తం కాదు. అంతమాత్రాన వెలుగు లేదని ఎవరూ అనరు. భాష్యంలో ఇది కొన్ని వాక్యాలలో ముగిసిపోయినా, తరువాతి శతాబ్దాల వివాదమంతా దీనికి వివరణయే.

నిద్రను గూర్చిన జ్ఞాపకం ప్రమాణమవుతుందా అన్నది ఆ వివాదానికి కేంద్రం. పతంజలి నిద్రను చిత్తవృత్తులలో ఒకటిగా లెక్కించాడు. వ్యాసభాష్యం దానికి హేతువు చూపింది: లేచినవాడు సుఖంగా నిద్రించాననో, కష్టంగా నిద్రించాననో, మొద్దునిద్ర పోయాననో వేరువేరుగా స్మరిస్తున్నాడు, అనుభవం లేనిదే స్మృతి ఉండదు. నైయాయికుడు ఇది స్మృతి కాదంటాడు. లేచినవాడు తన శరీరలాఘవాన్ని చూచి సుఖనిద్రను ఊహిస్తున్నాడు. మధ్యకాలంలో ఏదీ గుర్తులేకపోవడం చూచి జ్ఞానాభావాన్ని అనుమానప్రమాణంతో నిర్ణయిస్తున్నాడు. కనుక నిద్రలో సాక్షి ఎవరూ ఉండనక్కరలేదు.

పద్మపాదుల పంచపాదికను, దానిపై ప్రకాశాత్ముల వివరణాన్ని అనుసరించిన అద్వైతులు ఈ అనుమానాన్ని నిశితంగా పరీక్షించారు. గుర్తులేదు కనుక జ్ఞానం లేదనడం చెల్లదు. దారిలో నడుస్తున్నవాని పాదానికి గడ్డిపరక తగులుతుంది, తగిలినట్లు తెలుస్తుంది, తరువాత గుర్తుండదు. జ్ఞానసామగ్రి లేదు కనుక జ్ఞానం లేదందామా అంటే, సామగ్రి లేదని తెలిసేది జ్ఞానం లేదన్న దాని వలననే. ఇది అన్యోన్యాశ్రయం. కనుక ఏమీ తెలియలేదన్న మాట ఊహ కాదు, స్మృతియే. ఆ స్మృతికి విషయం భావరూపమైన అజ్ఞానం. దానిని అనుభవించినది సాక్షిచైతన్యం. అంతఃకరణం లీనమైనప్పటికీ అవిద్యావృత్తి సంస్కారాన్ని నిలిపి ఉంచుతుంది, మేల్కొన్న అహంకారం ఆ సంస్కారాన్ని తనదిగా చెప్పుకుంటుంది.

ఈ వాదం దృఢంగానే ఉన్నది. కాని అద్వైతులందరూ దీనిని ఏకగ్రీవంగా అంగీకరించారని భావించడం పొరబాటు. సురేశ్వరాచార్యులు బృహదారణ్యకవార్తికంలో దీనిని స్మృతిగా ఒప్పుకొనలేదు. స్మృతికి కాలవ్యవధానం కావాలి, ఆత్మకు గతమనేది లేదు. ఈ భేదాన్ని మధుసూదనసరస్వతి సిద్ధాంతబిందువులో చర్చించారు. ఇరువదవ శతాబ్దంలో హోళెనరసీపురం సచ్చిదానందేంద్రసరస్వతీస్వామి ఈ విషయంలో వివరణప్రస్థానంతో తీవ్రంగా విభేదించారు. సుషుప్తిలో మూలావిద్య భావరూపంగా ఉంటుందన్నది భాష్యకారుల మతం కాదనీ, జాగ్రత్తులో నిలిచి సుషుప్తిని కొలవడమే దోషమనీ వారి పక్షం. సంప్రదాయంలోని ఈ కలహాన్ని దాచిపెట్టి, వేదాంతం ఒకే గొంతుతో పలికిందని విజ్ఞానశాస్త్రానికి అప్పగించడం నిజాయతీ అనిపించుకోదు.

ఐరోపాలో ఈ వివాదం పదిహేడవ శతాబ్దంలో తలెత్తింది. ఆత్మ నిరంతరం చింతన చేస్తూనే ఉంటుందన్న దెకార్తె పక్షాన్ని జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలో గాఢనిద్రను చూపి ఎదిరించాడు. తనకు తెలియకుండా తాను ఆలోచించాననడం అర్థరహితమని ఆయన వాదన. లైబ్నిజ్ ప్రత్యుత్తరంగా గుర్తింపునకు రాని సూక్ష్మప్రత్యక్షాలు ఉంటాయని చెప్పాడు. ఈ ముగ్గురిలో ఎవరికీ సాక్షి అన్న భావన లేదు. వారు మాట్లాడినది మనోవృత్తులను గురించే. అందుచేత వారి వివాదం ముందుకు సాగలేక ఆగిపోయింది.

జర్మనీలోని యేనా నగరంలో వైద్యుడైన హాన్స్ బెర్గర్ 1924లో మానవ మస్తిష్కంలోని విద్యుత్తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించడంతో నిద్రాపరిశోధనకు ఒక పరికరం లభించింది. యౌవనంలో సైనికశిక్షణ వేళ గుర్రం మీది నుండి పడి ప్రాణాపాయం తప్పించుకొన్న రోజుననే, దూరాన ఉన్న అతని సోదరికి ఏదో కీడు శంక కలిగి తండ్రి చేత తంతి ఇప్పించిందట. మనస్సు నుండి మనస్సునకు ఏదో శక్తి ప్రసరిస్తుందన్న తలంపే అతనిని ఈ అన్వేషణకు పురికొల్పింది. వెదకిన శక్తి దొరకలేదు. దొరికిన తరంగాలు నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఈఈజీ పేరుతో నమోదు చేయబడుతున్నాయి.

ఆ పిమ్మటి దశాబ్దంలో ఆశ్చర్యకరమైన కాలసామ్యం ఒకటి ఉన్నది. 1937లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లూమిస్ బృందం తరంగాలను బట్టి నిద్రను దశలుగా విభజించింది. 1938లో షికాగో విశ్వవిద్యాలయాచార్యుడు నథానియెల్ క్లైట్‌మన్, కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో శిష్యునితో కలిసి సూర్యకాంతి సోకకుండా 32 దినాలు గడిపి, 28 గంటల దినచర్యకు శరీరం అలవడుతుందేమో పరీక్షించాడు. సరిగా ఆ సంవత్సరాలలోనే తిరువణ్ణామలైలో శ్రీ రమణమహర్షి, తమ సన్నిధికి వచ్చినవారిని నిద్రలో నీవు ఉన్నావా లేవా అని పదేపదే ప్రశ్నించేవారు. 1935 నుండి 1939 వరకు జరిగిన ఆ సంభాషణలను వ్రాసి నిలిపినవారు మునగాల వేంకటరామయ్యగారు. ఒకచోట నిద్రితుని శరీరం కొలవబడుతున్నది, మరొకచోట మేల్కొన్నవాని చేత నిద్రను పరిశీలింపజేస్తున్నారు. ఒకరి ప్రయత్నం మరొకరికి తెలియదు.

క్లైట్‌మన్ శిష్యుడు యూజీన్ అసెరిన్‌స్కీ ఎనిమిదేండ్ల తన కుమారునికే పరికరం అమర్చి, నిద్రలో కనుగ్రుడ్లు ఉండి ఉండి వేగంగా కదలడం గమనించాడు. 1953లో ఆ ఫలితం ప్రకటితమైంది. కన్నులు చలించే ఆ దశకు రెమ్ నిద్ర అని పేరు వచ్చింది. 1957లో విలియం డిమెంట్, క్లైట్‌మన్ కలిసి నిద్రితులను ఆయా దశలలో లేపి ప్రశ్నించారు. రెమ్ దశలో లేపినప్పుడు 191 పర్యాయాలలో 152 మార్లు స్వప్నం చెప్పగలిగారు. ఇతర దశలలో 160కి 11 మాత్రమే. స్వప్నానికీ సుషుప్తికీ యంత్రంపై గీటు గీయబడినట్లు లోకానికి తోచింది. మాండూక్యోపనిషత్తు చెప్పిన మూడు అవస్థలకు ఇది ముద్ర వేసినట్లుగా వేదాంతప్రియులు కొందరు సంతోషించడం సహజమే.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలువలేదు. 1962లో డేవిడ్ ఫౌక్స్ ప్రశ్ననే మార్చాడు. కల వచ్చిందా అని అడగడానికి మారుగా, లేపడానికి ముందు మనస్సులో ఏమి జరుగుతున్నదని అడిగాడు. రెమేతర దశలలో లేచినవారు కూడ ఏవో ఆలోచనలు, చిత్రాలు ఉన్నవని చెప్పడం మొదలుపెట్టారు. ప్రశ్న మారితే నిద్రయే మారినట్లయింది. ప్రయోగశాలలోని సూదులు ఎంత సూక్ష్మమైనవైనా, చివరకు లేచినవాని మాటయే ఆధారం. నైయాయికుడూ వివరణకారుడూ తగవులాడిన చోటికే, ఆ జ్ఞాపకం స్మృతియా అనుమానమా అన్న చోటికే, ఆధునికులు మరొక దారిన వచ్చి నిలిచారు.

ఇంత జరిగినా, తరువాతి తరం చైతన్యశాస్త్రం నిద్రను ఒక నిర్వచనంగా వాడుకొన్నది. తత్త్వవేత్త జాన్ సర్ల్, నాడీశాస్త్రజ్ఞుడు జూలియో టొనోని ఇరువురూ, చైతన్యమంటే ఏమిటని అడిగినవారికి, స్వప్నరహితమైన నిద్రలో పోయి మెలకువతో తిరిగి వచ్చేదే చైతన్యం అన్న అర్థంలో సమాధానం చెప్పారు. ఇది పూర్వపక్షం పూర్వపక్షంగానే తిరిగి రావడం. టొనోని 2004లో సమాకలిత సమాచార సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 2005లో మార్చెల్లో మస్సిమీని, టొనోని ప్రభృతులు అయస్కాంతస్పందనను మస్తిష్కంలో ఒకచోట కలిగించి, మెలకువలో అది దూరప్రాంతాలకు వ్యాపిస్తుందనీ, గాఢనిద్రలో పుట్టినచోటనే అణగిపోతుందనీ చూపారు. ప్రయోగం ప్రశంసార్హమైనది. మస్తిష్కభాగాల మధ్య సంభాషణ ఆగిపోయిందని దాని వలన తెలిసింది. సంభాషణ ఆగిన ఇంటిలో దీపం కూడ ఆరిపోయిందా అన్నది మాత్రం ఆ కొలతలో లేదు.

విజ్ఞానపక్షం నుండే దీనిని గమనించినవారు ఉన్నారు. కెనడా తత్త్వవేత్త ఇవాన్ థాంప్సన్ జాగ్రత్స్వప్నసుషుప్తులను గూర్చిన తన గ్రంథంలో న్యాయాద్వైతవివాదాన్ని సాకల్యంగా ఎత్తిచూపాడు. 2016లో జెన్నిఫర్ విండ్ట్, టోరె నీల్సెన్‌లతో కలిసి ప్రకటించిన వ్యాసంలో, స్వప్నరహితనిద్ర ఏకరూపమైనది కాదనీ, అందులో విషయరహితమైన అనుభవానికి అవకాశం ఉన్నదనీ, దానిని చైతన్యాభావానికి పర్యాయపదంగా వాడరాదనీ వాదించారు. 2017లో ఫ్రాంచెస్కా సిక్లారి, టొనోని మొదలైనవారు తలపై 256 విద్యుద్గ్రాహకాలు అమర్చి, రాత్రంతా మాటిమాటికి లేపి అడిగారు. వచ్చిన సమాధానాలు మూడు విధాలు. కొందరు అనుభవాన్ని వర్ణించారు. కొందరు ఏమీ లేదన్నారు. మూడవ రకంవారు ఏదో అనుభవం ఉండినది గాని అదేమిటో చెప్పలేమన్నారు. టొనోని స్వయంగా పాల్గొన్న పరిశోధనలోనే, లేదనడానికీ గుర్తులేదనడానికీ భేదం లెక్కలోనికి వచ్చింది. గడ్డిపరక దృష్టాంతాన్ని ఎరిగినవారికి ఇది పరిచితమైన భేదం.

ఇక్కడ సాధకుడు తొందరపడే ప్రమాదం ఉన్నది. థాంప్సన్ అద్వైతవాదనను గౌరవించాడే గాని, అద్వైతసిద్ధాంతాన్ని స్వీకరించలేదు. నిద్రలోని సూక్ష్మచైతన్యం సజీవశరీరంపై ఆధారపడినదనే ఆయన మొగ్గు. మూడవ రకం సమాధానం చెప్పినవారు అనుభవించినది మరపునకు వచ్చిన కల కావచ్చు. దానిని ప్రాజ్ఞుడని పిలవడానికి ఆధారం లేదు. ధ్యానాభ్యాసపరుల నిద్రను కొలిచిన పరిశోధనలూ ఉన్నవి. భావాతీతధ్యానాన్ని దీర్ఘకాలం అభ్యసించినవారి గాఢనిద్రలో మందతరంగాలతోబాటు మెలకువకు దగ్గరైన తరంగాలు కూడ కనిపించాయని 1997లో ఒక బృందం ప్రకటించింది. అంతకు ముందే, 1970లో, రాబర్ట్ కీత్ వాలెస్ ధ్యానావస్థలోని శరీరవ్యాపారాలను కొలిచి, జాగ్రత్స్వప్నసుషుప్తులకు భిన్నమైన నాలుగవ అవస్థగా దానిని పరిగణించాడు.

నాలుగవ అవస్థ అన్న ఆ మాటలోనే చిక్కు ఉన్నది. పన్నెండు మంత్రాల మాండూక్యం నాలుగు పాదాలను చెప్పినా, గౌడపాదాచార్యులూ భాష్యకారులూ తురీయాన్ని మూడింటి తరువాత వచ్చే మరొక అవస్థగా ఒప్పుకొనలేదు. త్రాడులో పాము, కర్ర, నీటిధార అని మూడు భ్రాంతులు కలిగినవానికి త్రాడు నాలుగవ భ్రాంతి కాదు. అవస్థ అయినది వచ్చి పోతుంది, వచ్చి పోయేది దృశ్యం, దృశ్యమైనది యంత్రానికి అందుతుంది. యంత్రంపై తరంగంగా కనిపించిన ప్రతిదీ ద్రష్ట ముందుకు వచ్చిన ఒక దృశ్యమే. సాక్షిని కొలిచామని చెప్పిన భక్తుడు, సాక్షి లేడని నిరూపించామన్న శాస్త్రజ్ఞుడు, ఇద్దరూ సాక్షిని ఘటపటాదుల వరుసలో నిలబెట్టారు. వారిలో భక్తుని పొరబాటు ఎక్కువ నష్టకరమైనది. శాస్త్రజ్ఞునికి పోయేది ఒక పరికల్పన, భక్తుడు తాను వెదకుతున్నదానినే వెదకరాని చోట పెట్టుకున్నాడు.

నైయాయికుడు అడిగిన ప్రశ్నకు అద్వైతి ఇంకా బదులు చెప్పవలసినది కూడ ఒకటి ఉన్నది. నిద్రలో అహంకారం లేదు. జ్ఞాపకం చెప్పేది అహంకారం. లేనివాడు చూచినదానిని ఉన్నవాడు తనదిగా ఎట్లు చెబుతున్నాడు? వివరణకారుల సంస్కారవాదం దీనికి ఒక సమాధానం, సురేశ్వరుల నిరాకరణం మరొకటి. స్మృతి ఏర్పడే విధానాన్ని పరిశోధిస్తున్న నేటి నాడీశాస్త్రం ఈ ఒక్క చోట వేదాంతికి ఉపకరించవచ్చు, ప్రతికూలమూ కావచ్చు. రెండింటికీ సిద్ధపడినవాడు గ్రంథాన్ని మరికొంత శ్రద్ధగా చదువుతాడు.

ఇంద్రుడు ప్రజాపతి మాటను నమ్మి స్వర్గానికి వెళ్ళిపోయి ఉండవచ్చు. తొంబదియారు సంవత్సరాల తరువాత కూడ సమిధలు చేత పట్టుకొని సగం దారి నుండి వెనుకకు వచ్చాడు. ప్రజాపతి అతనిని మరి ఐదు సంవత్సరాలు ఉండమన్నాడు. మొత్తం నూటొక్క సంవత్సరాలు గడిచిన తరువాత గాని, శరీరం మర్త్యమనీ, అది అశరీరమైన ఆత్మకు అధిష్ఠానం మాత్రమేననీ చెప్పే చివరి ఉపదేశం మొదలు కాలేదు.